డిక్కీ తలుపు తెరుచుకోకపోతే...



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ కబురు చేసినప్పుడు మాకు ముందుగా తోచినవి 'క్రమశిక్షణ', 'కాలం విలువ', 'విద్యార్థి దశ' వంటి విషయాలే. హాస్టల్లో ఉన్న రోజుల్లో మేమూ వాటి మీదే రాశాం. ఒకరిది చూసి ఇంకొకరం రాశాం కూడా! ఈసారి అలా కాకుండా, మేము చేతులతో పట్టుకుని చూసిన విషయం రాయాలనుకున్నాం. అది కారు వెనక తలుపు. మనం డిక్కీ అనేది. చదివేవాళ్ళలో కారున్నవాళ్ళు ఎంతమంది అని అడగకండి, మాకూ లేదు. కాని కారు ఎక్కనివాళ్ళు ఇప్పుడు ఎవరున్నారు?

మేము అంటే ఇదే హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్న ముగ్గురం. ఇప్పుడు ముగ్గురమూ పీజీ చదువుతున్నాం. మా మూడు ఇళ్ళలోనూ డిగ్రీ పాసైనవాళ్ళలో మేమే మొదలు. ఇద్దరి నాన్నలు సాలూరు లారీల మీద క్లీనర్లుగా బతుకు మొదలుపెట్టినవాళ్ళు. మన గజపతినగరం మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారి (పెద్దవాళ్ళు ఇప్పటికీ 43 అనే అంటారు) మీద సాలూరు ఘాటీ వైపు వెళ్ళే లారీలను లెక్కపెడుతూ పెరిగాం. అలాంటివాళ్ళకు బళ్ళ గురించి తెలిసి ఉండాలి. మాకు ఏమీ తెలియదని 2024లో తేలింది.

ఆ ఏడాది వానల రోజుల్లో మాకు పీజీ సీట్లు వచ్చాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లతో కాలేజీలో రిపోర్టు చేయడానికి అది ఆఖరి రోజు. మాలో ఒకరి చిన్నాన్న అద్దెకు తిప్పుకునే పాత చిన్న కారు ఉంది. డీజిలు పోయిస్తే చాలు, తానే విశాఖ దాకా దింపుతానన్నాడు. పరుపు చుట్టలు మూడు, రేకు పెట్టె, బియ్యం మూట, వీటన్నిటి కింద మా టీసీలు, మార్కుల జాబితాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఉన్న సంచి. డిక్కీ పట్టలేదు. ఇద్దరం తలుపు మీద కూర్చుని మూశాం. 'టక్' మంది. గెలిచామనుకున్నాం.

ఊరి మధ్యకు వచ్చాక జిరాక్సులు ఇంకో సెట్ కావాలని గుర్తొచ్చింది. బండి ఆపి చిన్నాన్న సీటు పక్కన లీవరు లాగాడు. తలుపు రాలేదు. మళ్ళీ లాగాడు. తర్వాత మేమూ వంతులవారీగా లాగాం. తలుపు మీద గుద్దాం. ఆ బండికి వెనక తాళంచెవి పెట్టే కన్నం కూడా లేదు. మాలో ఒకడు అద్దం పగలగొడదామన్నాడు. చిన్నాన్న ముఖం చూసి వాడే రాయి కింద పెట్టేశాడు.

దగ్గర్లోని షెడ్డు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. డిక్కీ వైపు చూడనైనా చూడలేదు. "గుంజకండి బాబూ. ముందు ఒక మాట సెప్పండి. లీవరు గట్టిగా ఉందా, ఊరికే వొచ్చీస్తందా?" అన్నాడు.

మా ముగ్గురిలో ఇద్దరిది ఫిజిక్సు. ఆ ప్రశ్న మాకు తట్టలేదు. ఈ వ్యాసమంతా నిజానికి ఆ ప్రశ్నకు వివరణే.

లోపల ఏముంటుంది?

డిక్కీ తలుపు చివర ఒక లాకు ఉంటుంది. దానికి ఎదురుగా యు అక్షరంలా వంగిన చిన్న ఇనుప కడ్డీ ఉంటుంది. కొన్ని బళ్ళలో లాకు తలుపులో, కడ్డీ కింద గుమ్మంలో ఉంటాయి. కొన్నిటిలో తారుమారు. చిన్నాన్న బండిలో లాకు గుమ్మంలో ఉంది. తలుపు మూసినప్పుడు కడ్డీ వచ్చి లాకులోని కొక్కేన్ని కొడుతుంది. కొక్కెం తిరిగి కడ్డీని చుట్టుకుంటుంది. వెంటనే ఒక చిన్న అడ్డుముక్క స్ప్రింగు బలంతో వచ్చి, కొక్కెం వెనక్కి తిరగకుండా కాలు అడ్డం పెట్టినట్టు నిలబడుతుంది. మనం వినే 'టక్' అదే. తలుపును పట్టి ఉంచేది కొక్కెం, కొక్కేన్ని పట్టి ఉంచేది అడ్డుముక్క. తలుపు తెరవడమంటే ఆ అడ్డుముక్కను ఒక్క అర అంగుళం పక్కకు జరపడం, అంతే. తాళంచెవి తిప్పినా, లీవరు లాగినా, మీట నొక్కినా జరిగేది ఇదొక్కటే.

తాళంచెవి అయితే చిన్న కడ్డీ ద్వారా జరుపుతుంది. మీట అయితే కరెంటుతో చిన్న మోటారు జరుపుతుంది. లీవరు అయితే వైరు జరుపుతుంది. ఈ వైరు మనకు కొత్తది కాదు, సైకిలు బ్రేకు వైరే! బయట గొట్టం, లోపల ఉక్కు పోగుల తాడు. దీనికి 1896లో ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ అనే ఆయన ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. అందుకే పుస్తకాల్లో బౌడెన్ కేబుల్ అంటారు. బయటి గొట్టం ఊరికే కప్పు కోసం కాదు. అది రెండు చివరలా కదలకుండా బిగించి ఉంటేనే లోపలి తాడు లాగుడు అటు చేరుతుంది. గొట్టం తన చోటు నుంచి ఊడితే, తాడు తెగకపోయినా లీవరు లాగినప్పుడు గొట్టమే వంగి ఊరుకుంటుంది. సైకిలు బ్రేకు పట్టకపోతే మనం చూసేది ముందుగా ఇదే కదా.

మేస్త్రీ ప్రశ్నకు అర్థం

లీవరు ఊరికే వస్తోందంటే మన చేతికీ లాకుకూ మధ్య దారి తెగిందన్న మాట. వైరు తెగి ఉండాలి, లేదా చివరనున్న గుండు ఊడి ఉండాలి, లేదా గొట్టం చోటు తప్పి ఉండాలి. అప్పుడు లాకు మంచిదే. డిక్కీని ఎంత బాదినా ప్రయోజనం లేదు.

లీవరు గట్టిగా ఉండి కదలకపోతే దారి బాగానే ఉంది, అవతల లాకు బిగిసిందన్న మాట. తుప్పో, ఎండిపోయిన గ్రీజో, మట్టో కారణం. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రపు గాలిలో తిరిగే బళ్ళకు ఉప్పు వల్ల తుప్పు తొందరగా పడుతుంది. మన వైపు ఎర్రమట్టి దుమ్ము గ్రీజులో కలిసి పిండిముద్దలా తయారవుతుంది. ఇలాంటప్పుడు బలం కొద్దీ లాగితే మంచిగా ఉన్న వైరు కూడా తెగుతుంది. అప్పుడు ఒక రోగానికి రెండు రోగాలు.

మూడోది కూడా ఉంది, చాలామంది మోసపోయేది దీని దగ్గరే. లీవరు మామూలుగానే వస్తుంది, 'టక్' అని వినిపిస్తుంది, తలుపు మాత్రం పైకి లేవదు. నిజానికి లాకు తెరుచుకుంది. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండకు అతుక్కుపోయి ఉంటుంది, లేదా తలుపును ఎత్తే గ్యాసు షాకర్లు నీరసించి ఉంటాయి. ఒకరు లీవరు లాగి పట్టుకుంటే ఇంకొకరు చేత్తో ఎత్తితే వచ్చేస్తుంది. ఖర్చు లేదు. ఇలా వచ్చిన తలుపు కింద తల పెట్టేముందు కర్ర ఆనించడం మరవకండి. షాకర్లలో నైట్రోజన్ వాయువును విపరీతమైన ఒత్తిడితో నింపుతారు. పాడైనవి మార్చుకోవాలే గాని కోయకూడదు, కన్నం పెట్టకూడదు, మంట చూపకూడదు.

మీటతో తెరిచే కొత్త బళ్ళలో లీవరు ఉండదు కాబట్టి చెవితో వినాలి. నొక్కితే లోపల మోటారు చప్పుడైతే కరెంటు చేరుతోంది, తప్పు లాకుది. చప్పుడే లేకపోతే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూడాలి. ఆ తర్వాత చూడవలసినది తలుపు పైన, కారు కప్పుకూ తలుపుకూ మధ్య ఉండే నల్లటి రబ్బరు గొట్టం. తలుపు ఎత్తి దించిన ప్రతిసారీ అందులోని తీగలు వంగుతాయి. ఏళ్ళ తరబడి వంగి వంగి ఒకటి తెగుతుంది. అదే రోజుల్లో నంబరు ప్లేటు లైటో, వెనక వైపరో కూడా పనిచేయడం మానేస్తే అనుమానం అక్కర్లేదు, తప్పు ఆ గొట్టంలోనే. మీట మీది రబ్బరు చిట్లి నీళ్ళు దిగినా ఇదే తంటా.

మా బండికి వచ్చినది

చిన్నాన్న బండి లీవరు మొదట గట్టిగా ఉందట. మేము వంతులవారీగా లాగాక వదులైపోయింది. అంటే రెండు రోగాలూ ఉన్నాయి, రెండోది మేము తెచ్చిందే.

మొదటిది ఎందుకు వచ్చిందో తెలియాలంటే మన హాస్టలు స్నానాల గది తలుపును గుర్తు చేసుకోవాలి. వానాకాలంలో చెక్క ఉబ్బి గడియ కదలదు. కొత్తగా వచ్చిన పిల్లలు గడియతో కుస్తీ పడతారు. పాతవాళ్ళు తలుపును ఒక చేత్తో తమవైపు లాగి పట్టుకుని, రెండో చేత్తో గడియను సులువుగా జరుపుతారు. తలుపు గడియను ఎంత గట్టిగా నొక్కితే అంత ఘర్షణ. నొక్కుడు తగ్గిస్తే ఘర్షణ తగ్గుతుంది. డిక్కీలోనూ అంతే. పరుపు చుట్టలు లోపలి నుంచి తలుపును బయటకు తోస్తున్నాయి. కడ్డీ కొక్కేన్ని లాగుతోంది, కొక్కెం అడ్డుముక్క మీద బరువంతా మోపింది. అడ్డుముక్క జరగడానికి మామూలు కంటే ఎన్నో రెట్లు బలం కావాలి. బడిలోనే చదివిన ఘర్షణ సూత్రం! పరీక్షలో రాశాం, రోడ్డు మీద గుర్తు రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. లీవరు పిడి నుంచి ఇరుసు దాకా 12 సెంటీమీటర్లు, ఇరుసు నుంచి వైరు తగిలించిన చోటుకి 3 సెంటీమీటర్లు ఉన్నాయనుకోండి. మన చేతి బలం నాలుగింతలై వైరు మీద పడుతుంది. చేతికి పెద్దగా లాగినట్టే ఉండదు, అక్కడ వైరు పోగులు ఒక్కొక్కటీ తెగుతుంటాయి. సాయం చేసే యంత్రమే పాడు కూడా చేస్తుంది.

మేస్త్రీ ముందుగా వెనక సీటు వీపును ముందుకు మడిచాడు. దాని పైఅంచున ఒక పిడి ఉంటుంది, లాగితే సీటు పడుకుంటుంది. ఆ దారి ఉందని మాలో ఎవరికీ తోచనేలేదు. మాలో సన్నగా ఉన్నవాడు దూరి ముందు సర్టిఫికెట్ల సంచి, తర్వాత ఒక్కొక్కటిగా పరుపు చుట్టలు బయటకు లాగాడు. సంచి చేతికొచ్చాక మాకు ఊపిరొచ్చింది. తర్వాత మేస్త్రీ లీవరు మూత విప్పాడు. వైరు చివరి గుండు ఊడిపోయి ఉంది. మా ఇద్దరినీ బయట తలుపును లోపలికి నొక్కి పట్టుకోమన్నాడు. "నొక్కండి, నొక్కండి, వొదలకండి" అంటూ కటింగ్ ప్లేయరుతో వైరు కొసను పట్టి లాగాడు. టక్. తలుపు లేచింది.

మధ్యాహ్నానికి విశాఖ చేరి ముగ్గురమూ రిపోర్టు చేశాం.

బాగు చేసే పద్ధతి

తిరిగి వచ్చాక చిన్నాన్న బండి లాకును మేస్త్రీ పక్కన కూర్చుని మేమే విప్పాం. చాలా భాగం 10 నంబరు పానాతో అయిపోయింది. లాకు బోల్టులు వదులు చేసేముందు దాని చుట్టూ పెన్సిలుతో గీత గీయాలి. లేకపోతే తిరిగి బిగించినప్పుడు కడ్డీకీ కొక్కేనికీ పొంతన కుదరదు, తలుపు పడదు, పడినా గలగల మోగుతుంది. లాకును కిరసనాయిలులో, అది దొరక్కపోతే డీజిల్లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, ఆరాక కొద్దిగా గ్రీజు రాయాలి. ఎక్కువ రాస్తే మళ్ళీ దుమ్ము పట్టుకుంటుంది.

కొబ్బరినూనె మాత్రం పోయవద్దు. చాలా ఇళ్ళలో తాళాలకు అదే పోస్తారు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందని మన హాస్టల్లో డిసెంబరు పొద్దున్న తలకు రాసుకోబోయిన ప్రతివాడికీ తెలుసు. సీసాలో గడ్డకట్టినది లాకులో కట్టదా?

వైరుకు కొత్త గుండు కావాలి. సైకిలు షాపులో చిన్న స్క్రూతో బిగించే ఇత్తడి గుండు దొరుకుతుంది. కొత్త వైరు వచ్చేదాకా అదే పనిచేసింది. కాని పోగులు తెగిన వైరును నమ్ముకోకూడదు, మార్చేయాలి.

అన్నీ బిగించాక తలుపు వేసేయాలని చెయ్యి దురద పెడుతుంది. వేయకండి! తలుపు ఎత్తి ఉండగానే కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి 'టక్' మనిపించి, లీవరు లాగి అది వదులుతోందో లేదో చూడాలి. నాలుగైదుసార్లు చూశాకే తలుపు మూయాలి. మేము మొదటిసారి చూసినప్పుడు వదల్లేదు, వైరు గొట్టం క్లిప్పులో కూర్చోలేదు. తలుపు మూసేసి ఉంటే మళ్ళీ సీటు మడిచి దూరవలసి వచ్చేది.

లోపల మనిషి ఉంటే

ఇంతవరకూ సామాను గురించే చెప్పాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వేరే ఉంది.

2025 మే 18, ఆదివారం. మన జిల్లాలోనే విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. బయటకు రాలేక ఊపిరాడక నలుగురూ చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు మేము ముగ్గురం ఒకరికొకరం ఫోను చేసుకున్నాం. చిన్నాన్న బండిలో సీటు వెనక దారి ఉందని ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో మాకే తెలియలేదు. ఆరేళ్ళ పిల్లలకు ఎవరు చెబుతారు?

ఎండలో అద్దాలు మూసి ఉన్న కారు లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే తొందరగా వేడెక్కుతుంది. కాబట్టి మన హాస్టల్లో చిన్న తరగతుల తమ్ముళ్ళకు, ఇంటి దగ్గర చెల్లెళ్ళకు ఆగి ఉన్న బండిలోనే చూపించి చెప్పవలసినవి ఇవి. వెనక తలుపులకు పిల్లల లాకు వేసి ఉంటే లోపలి పిడి లాగినా అవి రావు, అది ముందు తలుపులకు ఉండదు. కాబట్టి ముందు సీట్లోకి పాకాలి. లాకు పుల్ల ఉంటే పైకి లాగి, తర్వాత పిడి లాగాలి. రాకపోతే స్టీరింగు మధ్య హారను నొక్కుతూనే ఉండాలి. చాలా బళ్ళలో తాళంచెవి లేకపోయినా అది మోగుతుంది. ఇక డిక్కీ. చాలా చిన్న కార్లలో వెనక తలుపు లోపలి అట్ట మధ్యలో, లేదా గుమ్మం దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని రూపాయి బిళ్ళతో పెకలిస్తే లాకు కనిపిస్తుంది. లోపలి చిన్న మీటను పెన్నుతోనో స్క్రూడ్రైవరుతోనో పక్కకు జరిపితే తలుపు తెరుచుకుంటుంది. మూత ఎక్కడుందో మీరు ఎక్కే బండిలో ముందే వెతికి పెట్టుకోండి, చీకట్లో వెతకడం కష్టం.

బయట ఉన్నది మనమైతే, లోపల పిల్లలు స్పృహ తప్పి కనిపిస్తే, తాళంచెవి కోసం ఎవరినీ పంపి ఎదురుచూడవద్దు. పిల్లలకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర గట్టి ఇనుముతో కొట్టాలి. అది చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. ముందు అద్దం జోలికి పోవద్దు, రెండు అద్దాల మధ్య పొర ఉంటుంది కాబట్టి బీటలు వారుతుంది గాని ఊడి రాదు. ఇంకొకరు వెంటనే 108కి ఫోను చేయాలి. ఆ రోజు మేము రాయి కింద పెట్టింది సంచి కోసం కాబట్టి సరిపోయింది. ఇక్కడ మాత్రం రాయి ఎత్తవలసిందే.

అమెరికాలో జానెట్ ఫెన్నెల్ అనే ఆమెను, ఆమె భర్తను 1995లో దొంగలు వాళ్ళ కారు డిక్కీలోనే పడేసి మూసేశారు. బయటపడ్డాక ఆమె ఊరుకోలేదు, లోపలి నుంచి తెరిచే పిడి ఉండాలని ఏళ్ళ తరబడి పోరాడింది. 2001 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే, విడిగా పెట్టెలాంటి డిక్కీ ఉన్న కార్లన్నిటిలో అలాంటి పిడి చీకట్లో కూడా కనిపించేలా ఉండి తీరాలని నిబంధన వచ్చింది. సీట్ల వెనక కలిసిపోయి ఉండే చిన్నకార్ల డిక్కీకి అది వర్తించదు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి ఆ చిన్నకార్లే.

మొన్నటి సంక్రాంతి సెలవుల్లో చిన్నాన్న బండికి మేమే ఒక పిడి పెట్టాం. లాకు అడ్డుముక్క మీటకు గట్టి నైలాన్ తాడు కట్టి, గుమ్మం అట్టలోంచి పైకి తీసి, చివర ఎర్రగుడ్డ ముడేశాం. సామాను తగిలి దానంతటదే లాగకుండా పక్క గోడకు టేపుతో వదులుగా అంటించాం. తర్వాత చిన్నాన్న కూతుర్ని, ఒకటో తరగతి చదువుతోంది, డిక్కీలో కూర్చోబెట్టి తలుపు మూశాం. సీటు మడిచే ఉంచాం, అద్దాలు దించే ఉంచాం, చిన్నమ్మ కిటికీ పక్కనే నిలబడింది. మొదటిసారి తాడును పక్కకు లాగింది, రాలేదు. "పైకి లాగమ్మా, పైకి" అన్నాడు చిన్నాన్న. రెండోసారికి టక్ మంది. దిగి, మళ్ళీ ఎక్కుతానని పేచీ పెట్టింది.